ఎనభై ఏడో దూలం

పనిలో ఆమెను అందరూ అంకెలమ్మ అనేవారు. ఎనిమిది వందల ఏళ్ళనాటి గుడి మండపం ఓ పక్కకు ఒరిగితే, రాళ్ళన్నీ విప్పి మళ్ళీ కట్టడానికి పూనుకున్నారు. నీళ్ళు మోయడానికి వచ్చిన ఆమె, గుండ్రటి చేతిరాత పుణ్యమా అని, రాళ్ళకు ఎర్రరంగుతో అంకెలు వేసే పనిలో కుదురుకుంది. అంకె వేసి, రంగు ఆరాకే రాయి కదలాలి. ఆ నియమం ఆమె పెట్టిందే. పెద్ద పెద్ద మేస్త్రీలు కూడా రంగు ఆరేదాకా ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడేవారు. అందుకు ఆమెకు కాస్త గర్వం ఉండేది. ఉండదూ మరి?

ఆరేళ్ళ తర్వాత తిరిగి కడుతుంటే, ఎనభై ఏడో దూలం స్తంభం మీద కూర్చోనని మొరాయించింది. మూడోసారి దించేసరికి అంచు పెచ్చు ఊడింది. ఇంజనీరు క్రేన్ నడిపే మనిషి మీద విరుచుకుపడ్డాడు. అతను అంకెలమ్మకు స్వయానా మరిది.

"రేపట్నుంచి నువ్వు రావద్దు."

"అంకె ప్రకారమే దించాను సారూ."

"అంకెల్లో తప్పుండదయ్యా. వేసిందెవరో తెలుసుగా," అన్నాడు ఇంజనీరు.

అంకెలమ్మకు ఆ రోజు గుర్తొచ్చింది. ఎనభై ఏడు, ఎనభై ఎనిమిది విప్పిన రోజు వాన. రంగు అంటలేదు. కిందికి దించాక వేస్తానని తనే చెప్పింది. మర్నాడు ఏది ఏదో గుర్తున్నట్టే వేసేసింది.

భోజనాల వేళ, కింద పెట్టిన దూలం కొసన మట్టి దులిపి చూసింది. ఉలితో గీసిన చిన్న చేప బయటపడింది. నిచ్చెనెక్కితే స్తంభం తల మీద పిట్ట గీసి ఉంది. చేప గుర్తు ఆ పక్క స్తంభం మీద ఉంది. ఏ దూలం ఎక్కడిదో కట్టినవాళ్ళు ఆనాడే గుర్తులు చెక్కుకున్నారు. తను శిల్పాలు చూసి మురిసిందే గాని, ఈ గీతల్ని ఏనాడూ పట్టించుకోలేదు.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. మరిదికి ఇంకోచోట పని దొరక్కపోదు. అలా అనుకున్నందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"తప్పు నాది సారూ," అని అందరి ముందూ చెప్పి, చేపనూ పిట్టనూ చూపించింది.

ఇంజనీరు తనే నిచ్చెనెక్కి గుర్తులు సరిచూసుకున్నాడు. తర్వాత మరిదిని క్రేన్ ఎక్కమన్నాడు.

"ఇంటికెళ్ళి అన్నయ్యకు చెప్పకు వదినా, నెల్లాళ్ళు నిన్ను చూసి నవ్వుతాడు," అన్నాడు మరిది ఎక్కుతూ.

ఆమె తప్పు అంకెలు చెరిపి సరైనవి వేయడానికి కూర్చుంది.

"ఇప్పుడెందుకమ్మా? పైన రాళ్ళు పడితే కనబడవు. మళ్ళీ విప్పేనాటికి మనం ఉంటామా?" అన్నాడు ఇంజనీరు.

"అప్పుడూ నాలాంటిది ఒకతి ఉంటుంది సారూ. నా తప్పు అంకెలు నమ్మి పాడైపోతుంది."

రంగు ఆరేదాకా మరిది క్రేన్ కదపలేదు.