కెప్టెన్ గారి బూట్లు, నా దవడ

జొన్నరొట్టె ముక్క పళ్ల మధ్యకు పోలేదు. జబ్బు నాకు పంపిన మొదటి కబురు అదే. పొద్దున్నే పొయ్యి దగ్గర కూర్చుని, గోంగూర పచ్చడి అద్దుకున్న ముక్కను నోటి దాకా తెచ్చాను. నోరు సగం తెరుచుకుని ఆగిపోయింది. చెవుల కింద, దవడ కీలు దగ్గర ఎవరో చీల బిగించినట్టుంది. చలిగాలికి పట్టేసి ఉంటుందని అమ్మ ఉప్పుమూటతో కాపడం పెట్టింది. నేనూ అదే అనుకున్నాను. ఆ సాయంత్రం గ్రౌండుకు పోకపోతే టీములోంచి తీసేస్తారన్న భయమే అప్పుడు నాకు పెద్దది.

ఆ టీము భాగోతం కూడా చెప్పాలి, లేకపోతే జబ్బు అర్థం కాదు. మా నరసరావుపేటలో ఒక జిన్నింగు మిల్లు యజమానికి ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టాలని బుద్ధి పుట్టింది. మద్రాసు నుంచి, సికిందరాబాదు నుంచి ఆటగాళ్లను జీతాలిచ్చి తెచ్చాడు. వాళ్ల వెనక ఊళ్లో కుర్రాళ్లతో రిజర్వు టీము ఒకటి పెట్టాడు. బాగా ఆడినవాణ్ణి పెద్ద టీములోకి ఎక్కిస్తామని, మిల్లులో ఉద్యోగం కూడా ఇస్తామని క్లబ్బు సెక్రటరీ చెప్పేవాడు. నేనున్నన్నాళ్లూ ఎక్కినవాడు ఒక్కడు లేడు. పెద్ద టీము నిక్కర్లు ఉతకడం, బంతికి గాలి కొట్టడం, సోడాలు మోయడం, ఇదీ మేం నేర్చుకున్న ఫుట్‌బాల్. కెప్టెన్ యజమాని గారి బావమరిది. బంతి తన కాళ్ల దగ్గరకు వస్తే తన్నేవాడు. రాకపోతే తప్పు బంతిది.

నన్ను తీసుకున్న రోజు నాకు బాగా గుర్తు. తన్ని చూపిద్దామని లుంగీ ఎగ్గట్టి నిలబడితే సెక్రటరీ బంతి ఇవ్వలేదు. గోడవారన కూర్చోబెట్టి పాత బూటు ఒకటి నా కాలికి తొడిగాడు. మడమ వెనక వేలు దూర్చి చూశాడు. సరిపోయింది, రేపట్నుంచి రమ్మన్నాడు. పెద్ద క్లబ్బుల పద్ధతి ఇలాగే ఉంటుంది కాబోలనుకుని ఇంటికి ఎగురుకుంటూ వచ్చాను.

మా అబ్బ, అంటే నాన్న, నాల్‌బందు. ఎడ్లకు, జట్కా గుర్రాలకు నాడాలు కొట్టడం మా ఇంటి పని. పశువుల సంత జరిగే మైదానంలో సంతనాడు అబ్బ ఎడ్లను పడేసి నాడాలు కొట్టేవాడు. మిగతా రోజులు ఆ పేడమట్టిలోనే మేం ఫుట్‌బాల్ ఆడేవాళ్లం.

యుద్ధం నడుస్తున్న రోజులవి. మంచి తోలంతా పటాలానికి పోగా క్లబ్బుకు దొరికే బూట్లు చెక్కముక్కల్లా ఉండేవి. కొత్త జత రాగానే పెద్దవాళ్లు తొడుక్కునేవాళ్లు కాదు. మా కాళ్లకు వేసి, మెత్తబడేదాకా పరుగెత్తించేవాళ్లు. క్లబ్బులో దీనికి లొంగదీయడమని పేరు, కోడెగిత్తను లొంగదీసినట్టు. లొంగాక తుడిచి అప్పగించాలి. కెప్టెన్ గారి జత నా వంతు. ఇంటికి తెచ్చినప్పుడు అబ్బ వాటిని ట్రంకుపెట్టె మీద పెట్టి, వచ్చినవాళ్లందరికీ మా మస్తాన్ బూట్లని చూపించుకునేవాడు. పిచ్చి అబ్బ.

ఆ ఏడు వచ్చిన జతలో ఎడమ బూటు లోపల, మడమ దగ్గర మేకు మొన తేలింది. సెక్రటరీకి చూపించాను.

"నాలుగు రోజులు ఉరుకు, అదే అరిగిపోద్ది" అన్నాడు.

ఉరికాను. మేకు అరగలేదు, నా మడమలోకి దిగింది. ఇంటికొచ్చి చూపిస్తే అబ్బ ఎడ్లకు చేసే వైద్యమే నాకూ చేశాడు. నాడా కొట్టేటప్పుడు మేకు పక్కకు దిగితే, పిడక బూడిద ఆముదంలో కలిపి గిట్టలో కూరతారు. అదే నా మడమలో కూరి గుడ్డ కట్టాడు. ఎడ్లు మర్నాడే బండి లాగుతున్నాయి కదా అన్నాడు. పుండు పైన తోలు పట్టింది, మేమంతా సంతోషించాం. వారం దాటిన తర్వాతే రొట్టె ముక్క సంగతి.

ఆ సాయంత్రం గ్రౌండులో నా మాట ముద్దముద్దగా వస్తుంటే సెక్రటరీ చేతులు కట్టుకుని విన్నాడు. గుంటూరు టీముతో మ్యాచి ఉంది, సామాను మోయాల్సి వస్తుందని పళ్లు బిగబట్టి నాటకమాడుతున్నానని అందరి ముందూ తేల్చాడు. పెద్ద టీము మహానుభావులు సోడాలు తాగుతూ నవ్వారు.

మర్నాటికి మెడ కర్రయిపోయింది. పెదవులు రెండు పక్కలకీ లాక్కుపోయి, పళ్లు బయటపడి, మొహం మీద నవ్వు అంటుకుంది. ఎంత ప్రయత్నించినా ఆ నవ్వు పోదు. అమ్మ పళ్ల సందుల్లోంచి గంజి పోస్తూ, నా మొహం చూడలేక పక్కకు తిరిగి ఏడ్చేది. చూడవచ్చినవాళ్లు తలా ఒక వైద్యం చెప్పారు. యుద్ధంలో అన్నిటికీ రేషను పెట్టారు గానీ మా పేటలో సలహాలకు పెట్టలేదు. మైదానంలో చచ్చిన ఎద్దు పట్టిందని ఒకాయన, తాయెత్తు కడితే దిగిపోతుందని ఇంకొకాయన. ఒక ముసలామె మాత్రం ఇది ధనుర్వాతం, దీనికి మందు లేదు అని నా ఎదుటే చెప్పి, మా ఇంట్లోనే టీ తాగి వెళ్లింది.

అబ్బ ఎవరి మాటా వినకుండా నన్ను భుజాన వేసుకుని గుంటూరు రైలెక్కించాడు. రైలు కూత పెట్టగానే నా వీపు విల్లులా వంగిపోయింది. పెట్టెలో జనం అంటురోగమని పక్క పెట్టెకు పోయారు. పోనీలే, అబ్బకు నన్ను పడుకోబెట్టుకోవడానికి బల్ల ఖాళీ అయింది.

మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ నా దవడ చూసి మొదట అడిగిన మాట, పుండెక్కడ అని. అబ్బ, పుండు లేదమ్మా, మానింది అన్నాడు. ఆమె మడమ మీద తోలు కోసింది. లోపల బూడిద, చీము.

"మానలేదయ్యా, మూసుకుంది. ఇది టెటనస్. దవడ పట్టేయడాన్ని లాక్‌జా అంటారు. ఇక స్పాజమ్స్ వస్తాయి, ఉండుండి ఒళ్లంతా బిగుసుకుపోతుంది. ఊపిరి తీసే కండరాలు బిగుసుకుంటే నా చేతుల్లో ఏం లేదు. మేకు దిగిన వారం దాటాకే జబ్బు బయటపడింది కాబట్టి కొంచెం ఆశ ఉంది, త్వరగా బయటపడితే అదీ ఉండదు."

అబ్బ తన రెండు చేతులూ ఆమె ముందు చాపాడు. బూడిద పెట్టింది నేనేనమ్మా అన్నాడు. డాక్టరమ్మ తిట్టలేదు. ఇంకెవరికీ పెట్టకు అంది.

ఏటీఎస్ అనే సీరం పొడిచారు. గుర్రం రక్తం నుంచి తీస్తారని విని అబ్బ ఆశ్చర్యపోయాడు. ఇన్నాళ్లూ వాటి కాళ్లు పట్టుకున్నందుకు ఫలితం దక్కింది అన్నాడు. నన్ను చీకటి గదిలో పెట్టారు. ముక్కులోంచి ట్యూబు వేసి పాలు పోశారు. మత్తుకు క్లోరల్ ఇచ్చారు. వెలుతురు పడినా, గిన్నె కింద పడినా ఒళ్లంతా బిగుసుకుని ఎముకలు విరుగుతాయా అనిపించేది. ఈ జబ్బులో అన్నిటికన్నా ఘోరం ఏమిటంటే, తెలివి పోదు. ప్రతి మాటా వినపడుతుంది, ప్రతి నొప్పీ తెలుస్తుంది. ఊపిరి అందనప్పుడు, ఇంతేనా, ఇక్కడితో సరా అనిపించేది. నాకు చావాలని లేదు. అరవడానికి నోరు కూడా లేదు.

కాస్త నెమ్మదించిందనుకుంటున్నప్పుడు సెక్రటరీ వచ్చాడు. పరామర్శకని అబ్బ పాపం లేచి నిలబడ్డాడు.

"బూట్లేయి? కెప్టెన్ గారు అడుగుతున్నారు."

"బిడ్డ చావుబతుకుల్లో ఉండాడు బాబూ."

"అందుకేగా ఇప్పుడే అడిగేది. కెప్టెన్ గారి కాలికి ఊళ్లో వీడి కాలొక్కటే సరిపోయింది. వీణ్ణి తీసుకుంది అందుకే. ఆట ఎవడు చూశాడు?"

చీకట్లో పడుకుని విన్నాను. జబ్బు వచ్చినప్పటి నుంచి అంత నొప్పి ఎప్పుడూ తెలియలేదు. సెక్రటరీ మంచం దగ్గరకు వంగి, పళ్లన్నీ బయటపెట్టిన నా మొహం చూశాడు.

"ఏందిరా, నన్ను చూసి నవ్వుతున్నావా?" అని గొంతు పెంచాడు.

అది జబ్బు నవ్వు అని చెప్పడానికి నాకు నోరు రాదు. వచ్చినా చెప్పేవాణ్ణి కాదు. టెటనస్ నాకు చేసిన ఒకే ఒక్క ఉపకారం అది. అతను తలుపు ధడాలున వేసి పోయాడు. ఆ చప్పుడుకు వచ్చిన స్పాజమ్‌లో నా నాలుక తెగింది, ఊపిరి ఆగినంత పనైంది. సిస్టరమ్మ వరండా చివరిదాకా అతని వెంటపడి తిట్టింది. మళ్లీ మొదటికొచ్చాను. దానికి తోడు సీరం పడక ఒళ్లంతా దద్దుర్లు, జ్వరం. డాక్టరమ్మ మాత్రం రోజూ వచ్చి, ఇవాళ నిన్నటికన్నా నయం అనేది. అబద్ధమని తెలిసినా దాని కోసమే ఎదురుచూసేవాణ్ణి.

తర్వాత ఒకరోజు ఆ మాట నిజమైంది. దవడ వేలు పట్టేంత తెరుచుకుంది. అబ్బ నా నోట్లో పాలలో నానిన రొట్టె ముక్క పెట్టాడు. నేను నమిలాను. ఆయన నా మొహం చూసి, నవ్వు పోయిందిరా అని వెక్కివెక్కి ఏడ్చాడు.

ఇంటికెళ్లేటప్పుడు డాక్టరమ్మ ఆ బూట్లు కాల్చేయమంది. అబ్బ కాల్చలేదు. నేను ఆయన భుజం పట్టుకుని నడవగలిగిన రోజున, బూట్లు సంచిలో వేసుకుని నన్ను మైదానానికి తీసుకెళ్లాడు. కెప్టెన్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు, పక్కన సెక్రటరీ. అబ్బ సంచి విప్పి బూట్లు కెప్టెన్ కాళ్ల ముందు పెట్టాడు. ఒక్కో బూటు అడుగునా, ఎద్దుగిట్టకు కొట్టినట్టే, రెండు ఇనుప నాడాలు.

"లొంగినాయి బాబూ. నాడాలు కూడా కొట్టా. మేకు మాత్రం తియ్యలా. తొడుక్కోండి."

కెప్టెన్ రెండు కాళ్లూ కుర్చీ మీదికి లాక్కున్నాడు. అతను అంత చురుగ్గా కదలడం నేను చూసింది అదే మొదలు, అదే చివర. ఆ తర్వాత మిల్లు బండెడ్లు మా దగ్గరికి రాలేదు. రాకపోతే పోయె.

ఇప్పుడు నేనూ అబ్బతో పాటు నాడాలు కొడుతున్నాను. ఆవులిస్తే దవడ కటుక్కుమంటుంది. గట్టి జొన్నరొట్టె కాస్త నానబెట్టుకోవాలి. అంతకు మించి లోటు లేదు. మా పని దగ్గర నీళ్ల కుండ, సబ్బుముక్క ఎప్పుడూ ఉంటాయి. మేకు గీరుకున్న మనిషి ఎవరైనా పిడక బూడిద అడిగితే అబ్బ కర్ర తీసుకుంటాడు. క్లబ్బు ఇంకా నడుస్తోంది, రిజర్వు టీమూ ఉంది.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మేకు గానీ ముల్లు గానీ లోతుగా దిగితే సబ్బుతో కడగండి, ఆ రోజే ఆసుపత్రికి పోయి సీరం పొడిపించుకోండి. పైన తోలు పట్టిందని నమ్మకండి. ఆ రోజు ఏదో టీము పెద్దమనిషి మ్యాచి ఉందని అడ్డం నిలబడితే, నోరు తెరుచుకుంటున్నప్పుడే అతనికి చెప్పాల్సింది చెప్పి పొండి.