పట్టు తక్కువైన పాట

నెల కిందట, మా అక్క పోయాక పెట్టిన ఆదరణ కూడికలో, పాస్టరుగారి ప్రార్థన ముగిశాక, అక్క మనవరాలు గిటారు తీసుకుని ఒక పాట పాడింది. పక్కన కూర్చున్న మా కోడలు నా చేయి పట్టుకుని, వేళ్ళు వణుకుతున్నాయేమిటని మెల్లగా అడిగింది. అది వణుకు కాదు. ఆ అమ్మాయి పాటతో సంబంధం లేకుండా నా ఎడమచేతి వేళ్ళు ఒళ్ళో చీర చెంగు మీద వేరే పాట వెతుక్కుంటున్నాయి. డెబ్బై ఏళ్ళ కిందట నేర్చుకున్న పాట అది. అది ఇంకా నా వేళ్ళలో ఉందని నాకే తెలియదు. నా వయసు వాళ్ళకు ఇలాంటిది వివరించనక్కరలేదనుకుంటాను.

మా తాలూకా బళ్ళారి జిల్లా నుంచి విడిపోయి కర్నూలులో కలిసిన కొత్తలో, నేను ఆదోనిలో ఒక మిషన్ బడిలో చిన్న తరగతులకు టీచరుగా చేరాను. మా ఇల్లు ఎమ్మిగనూరు. నాన్న పోయిన తర్వాత ఆయన మగ్గం మీద అక్క కూర్చుంది. నా చదువైనా, ఉద్యోగమైనా ఆ మగ్గం పెట్టిందే. శనివారం మధ్యాహ్నం బస్సెక్కి ఇంటికి పోయి, సోమవారం పొద్దున్నే తిరిగి బడికి వచ్చేదాన్ని.

బడి పెద్ద ఒక దొరసాని. ఆమెది పుస్తకాలు చదివి నేర్చుకున్న తెలుగు, అందులో తప్పులుండేవి కావు, కానీ ఆదోని బజారులో ఎవరూ అలా మాట్లాడేవారు కాదు. ఆమె దగ్గర ఒక గిటారు ఉండేది. ఇప్పుడు చర్చీల్లో మోగే ఇనుపతీగల గిటారు వంటిది కాదు. సన్నతీగలు మూడూ గొర్రెపేగుతో చేసినవి, లావుతీగలకు పైన వెండిచుట్టు ఉండేది. సాయంకాలం బంగళా వరండాలో ఆమె వాయిస్తుంటే, పలకలు దిద్దే పని ఏదో ఒకటి కల్పించుకుని అక్కడే కూర్చునేదాన్ని. ఒకరోజు ధైర్యం చేసి నేర్పమని అడిగితే, ఎందుకని కూడా అడగకుండా గిటారు నా ఒళ్ళో పెట్టారు.

చిన్నచిన్న పాఠాలు అయ్యాక ఆమె ఒక కొత్త పాట మొదలుపెట్టారు. దానికి మాటలు లేవు, పేరు కూడా లేదు. బొటనవేలు కింది స్వరాలతో నింపాదిగా నడుస్తుంటే, మిగతా వేళ్ళు పైన ఇంకో దారిలో పోతుంటాయి. వింటే ఇద్దరు వాయిస్తున్నారేమో అనిపిస్తుంది. ముందు బొటనవేలి నడక ఒక్కటే, తర్వాత పైవేళ్ళవి, అవి రెండూ విడివిడిగా నిద్రలో కూడా వచ్చేదాకా కలపనివ్వలేదు. పాట నడుమ ఒకచోట ఎడమచేతి చూపుడువేలిని తీగలన్నిటి మీదా అడ్డంగా పరిచి, గట్టిగా నొక్కిపెట్టి, మిగతా వేళ్ళతో పాట సాగించాలి. అక్కడికి వచ్చేసరికి నా వేలు సడలి, తీగలు పలకడం మాని కీచుమనేవి.

అంతలో దొరసాని స్వదేశానికి వెళ్ళిపోవడం ఖాయమైంది. గిటారు సంగతి ఆమె నాకు దాచకుండా చెప్పారు. వాయించేవాళ్ళు లేని చోట దాన్ని చెదలకు వదలనని, ఈ ఒక్క పాట నేను మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా వాయిస్తే అది ఇక్కడే ఉంటుందని, లేకపోతే మద్రాసులో ఇంకో బడికి పంపుతానని అన్నారు. అది న్యాయమే. కానీ నాకు నిద్ర పట్టలేదు. నాన్న పోయాక మా ఇంట్లో ఎవరమూ పాడలేదు. ఆ పాట దగ్గరే నాకు మళ్ళీ ఊపిరాడినట్టు ఉండేది. ఇవన్నీ చాలవన్నట్టు సన్నతీగల్లో ఒకటి తెగింది. కొత్తతీగ కోసం మద్రాసుకు జాబు రాస్తే జవాబు లేదు.

ఇంటి దగ్గర సాధన ఎలాగని నేను దిగులుపడుతుంటే, అక్క ఒక చెక్కకు ఆరు నూలుపోగులు బిగించి కట్టి ఇచ్చింది. దానికి శబ్దం లేదు. నేను అరుగు మీద కూర్చుని దాన్ని నొక్కుతుంటే, నీళ్ళకు పోయే ఎదురింటి పెద్దమ్మ నిలబడి చూసి, "ఏమ్మే, మీ సెల్లెలు టీచరైందంటే సదువు సెప్తాదనుకుంటిమి, చెక్క గోకుతాండాదే!" అని అక్కను ఎగతాళి చేసింది. అక్క మగ్గం ఆపకుండానే, "గోకనీ పెద్దమ్మా, నీ వీపు కాదు కదా," అంది.

తర్వాత అక్క ఆదోనికి నన్ను చూడవచ్చింది. దొరసాని ఆమెను కూర్చోబెట్టి నా పని గురించీ, గిటారు గురించీ చెప్పారు. "మీ చెల్లెలికి పట్టు తక్కువగా ఉన్నది. పట్టు లేనిదే ఈ పాట పూర్తి కాదు," అన్నారు. అక్క ఎదురుగా ఉన్న గిటారు వంక, దాని మీద ఒక తీగ లేని చోటు వంక చూసి, అర్థమైందని తలూపింది. నేను పిల్లలను వరసలో నిలబెడుతూ దూరంగా ఉన్నాను, ఆ మాటలు నాకు తర్వాతే తెలిశాయి.

మరుసటి వారం అక్క మళ్ళీ వచ్చింది. పట్టు అంచు చీరలు నేసే ఇంట్లో అడిగి తెచ్చుకున్న దారాన్ని పేటలు పేటలుగా రాట్నం మీద పురివేసి, గంజి పట్టించి ఆరబెట్టి, మైనం రుద్ది, కాగితంలో చుట్టి దొరసాని ముందు పెట్టింది. "పట్టు తక్కువైందంటివి కదమ్మా, తెచ్చినాను. సాలకపోతే సెప్పు," అంది.

దొరసాని ముందు అర్థం కాక నన్ను చూశారు. నేను వివరించాక కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. తాను చెప్పింది వేళ్ళ బలం సంగతని, ఆ మాటకు ఇంకో అర్థం ఉందని తోచలేదని అక్కకు చెప్పారు. అక్క సిగ్గుపడలేదు. "ఏదైతేనేమమ్మా, తక్కువైంది తక్కువైందే," అంది. అప్పుడు దొరసాని పాత లావుతీగ ఒకటి తెచ్చి వెండిచుట్టు విప్పి చూపించారు. లోపల ఉన్నది పట్టుపోగులే. ముగ్గురం కలిసి ఆ కొత్త తీగ కట్టాం. మొదటిది సాగిపోయింది. అక్క ఇంకో రెండు పేటలు కలిపి మళ్ళీ పురివేసి తెచ్చింది, అది నిలిచింది. పేగుతీగంత గట్టిగా పలకదు, కొంచెం గొంతు పట్టినట్టు ఉంటుంది, కానీ శ్రుతిలో ఉండేది.

ఇక లోపం నా వేలిదే. ఊళ్ళో ఉంటే చెక్క మీద, బడిలో ఉంటే గిటారు మీద, కాయ కాసి ఊడి మళ్ళీ కాసేదాకా నొక్కాను. వెళ్ళిపోయే ముందు ఆదివారం, ఆరాధన అయ్యాక, వరండాలో అక్కను కూడా కూర్చోబెట్టి దొరసాని నన్ను వాయించమన్నారు. నడుమ ఆ కష్టమైన చోట ఒక స్వరం కీచుమంది. నేను ఆగలేదు. చివరిదాకా వెళ్ళాను. దొరసాని గిటారును పెట్టెలో పెట్టి మూసి, తాళంచెవి నాకు కాదు, అక్క చేతికి ఇచ్చారు.

ఆ గిటారు చాలా ఏళ్ళు బడిలో ఉంది. ఎందరో పిల్లలు దాని మీద మొదటి పాఠాలు నేర్చుకున్నారు. చివరికి మా ఎండలకు పగిలింది. కూడిక అయ్యాక అక్క మనవరాలిని తీగలు ఎక్కడ దొరుకుతాయని అడిగాను. ఫోనులో నొక్కితే ఇంటికే వస్తాయి జేజీ అంది. మంచిదే, ఆ పిల్ల ఎవరి కోసమూ కాచుకోనక్కరలేదు. మా రోజుల్లో ఒక పాట రావాలంటే ఒకరు దారం ఇవ్వాలి, ఒకరు పురివేయాలి, ఎదురింటివాళ్ళు నవ్వి ఊరుకోవాలి. అందుకే దాన్ని నేనొక్కదాన్నే నేర్చుకున్నానని చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు. ఆ ఆదివారం వరండాలో దాన్ని విన్నవాళ్ళు ఇద్దరు. దొరసాని ఏనాడో పోయారు. అక్క ఉన్నన్నాళ్ళూ, కీచుమన్న ఆ ఒక్క స్వరం దగ్గర తాను ఊపిరి బిగబట్టానని చెప్పి నవ్వేది. ఇప్పుడు ఆ మాట చెప్పేవాళ్ళు లేరు.