ఈశాన్యం మూల అక్వేరియం

గుడివాడలో సోమేశ్వరరావుగారి లాడ్జికి వాస్తు చూసినాయన, ముందు హాల్లో ఈశాన్యం మూల చేపలుంటే మంచిదన్నాడు. ఆ మంచి లాడ్జికి జరిగిందో లేదో గానీ, అక్కడ ఊడ్చి తుడిచే వెంకటలక్ష్మి కుడి భుజం మాత్రం పోయింది.

కుళాయేమో వెనకవైపు, వంటింటి దగ్గర ఉంది. వారానికోసారి అక్వేరియంలో సగం నీళ్ళు చెంబుతో తోడి, బకెట్లతో పారబోయాలి. ముందురోజే డ్రమ్ములో పట్టి బ్లీచింగ్ వాసన పోనిచ్చిన నీళ్ళు మళ్ళీ మోసుకొచ్చి పోయాలి. ఇప్పుడు జడ వేసుకోవడానికే చెయ్యి లేవడం లేదు. పూర్తిగా పడిపోతే ఈ పనీ ఉండదని ఆమెకు తెలుసు. బందరులో చేపల గంప మోసిన తల్లి సరోజినికి ఇదంతా వేళాకోళం. "మేం చేపల్ని అమ్ముకుని బతికాం, నువ్వు వాటికి స్నానాలు చేయించి బతుకుతున్నావే" అంటుంది.

అక్వేరియాన్ని కుళాయి దగ్గరికి జరుపుదామంటే రావుగారు అది ఆగ్నేయమన్నారు. డ్రమ్మునే హాల్లోకి తెద్దామంటే ఈశాన్యంలో బరువు కూడదన్నారు. మరి అక్వేరియం బరువు కాదా అని ఆమె అడగలేదు. బకెట్ అందుకుంది.

ఆ మధ్య బందరు వెళ్ళినప్పుడు, గిలకలదిండి పడవల రేవులో తండ్రి పున్నయ్య డ్రమ్ములోంచి బోటు ట్యాంకులోకి డీజిల్ దించుతున్నాడు. పైపు ఒక కొస డ్రమ్ములో వేసి, రెండో కొస నోటితో ఒక్కసారి పీల్చి కిందికి వదిలాడు. మిగతాది దానంతటదే దిగింది. చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. ఇన్నాళ్ళూ తట్టనందుకు తనమీద తనకే విసుగొచ్చింది.

తిరిగొచ్చి రావుగారి కుర్చీకి కాస్త దూరంగా నిలబడింది.

"డ్రమ్ము మేడమీద నైరుతి మూల పెట్టుకుంటానండీ. అక్కడ బరువుండొచ్చుగా. అక్కడి కుళాయి నీళ్ళే పట్టి, పైపుతో మెట్లమీదుగా దించేస్తాను."

"పాత నీళ్ళో?"

"కిటికీలోంచి కనకాంబరం మొక్కల్లోకండీ. ఈశాన్యం వైపే."

రావుగారు చాలాసేపు ఆలోచించి, నీళ్ళు ఈశాన్యానికి పోవడం మంచిదేనన్నారు.

ఆ శుక్రవారం పైపు పీల్చేసరికి నోట్లోకి పాచినీళ్ళు వచ్చాయి. ఉమ్మేసి, పైపును కిటికీ ఊచకు గట్టిగా కట్టి, మొదటిసారి ఆ హాల్లో కుర్చీలో కూర్చుంది. భుజం ఇంకా సలుపుతూనే ఉంది.

రావుగారు చూడనే చూశారు. "ఖాళీగానే ఉన్నావుగా అమ్మాయ్, మేడమీద గదులు రెండు ఊడ్చేసి రా."

ఇంకెప్పుడైనా అయితే లేచేదే.

"పైపు జారితే హాలంతా నీళ్ళండీ. కనిపెట్టుకుని ఉండాలి."

ఆయన పైపు వంక ఒకసారి చూసి తన కుర్చీకి వెళ్ళిపోయారు. నీళ్ళు నిదానంగా పోతున్నాయి. ఇంకొంచెం నిదానంగా పోయినా బాగుండుననుకుంది వెంకటలక్ష్మి.