పలకలన్న ముట్టని కప్పు

స్వరాజ్యం వచ్చిన కొత్తల్లో మా చిత్తూర్లో సంఘం పెట్టనోడు మనిషే కాదు. బట్టలంగళ్ళ వాళ్ళకు ఒక సంఘం, జట్కా తోలేవాళ్ళకు ఒక సంఘం, భజన చేసేవాళ్ళకు రెండు సంఘాలు (మొదటి దాంట్లో హార్మోనియం ఎవరు వాయించాలనే తగువొచ్చి రెండోది పుట్టింది). తెల్లోడు పొయ్యినాడు, ఇంక మనల్ని మనమే ఏలుకోవాల గదా, ఆ ఏలేదేదో మన వీధి నుంచే మొదలు పెడదామని అందరికీ ఒకటే ఉబలాటం. ఆ గాలి మా మామకూ సోకింది. మా అమ్మ తమ్ముడాయన, జిల్లా కోర్టులో వకీలు. నేను ఆయన దగ్గర గుమాస్తాను. పెళ్ళి కాని వయసు, ఒంట్లో కండ లేదు, సైకిలు తొక్కితే ఆయాసం. అట్లాంటి నన్ను పట్టుకొని ఒక పొద్దున ఆయన, "రేయ్ అబ్బోడా, ఈ పొద్దు నుంచి నువ్వు జిల్లా ఆటల సంఘానికి సెక్రెటరీవిరా" అన్నాడు. అధ్యక్షుడెవరని అడగాల్సిన పని లేకపోయింది.

మా మామ జన్మలో పరిగెత్తి ఎరగడు. బస్సు కదిలిపోతా ఉన్నా, "పోనీలేరా, ఇంకోటి రాకపోతుందా" అని నిలబడే రకం. ఆయనకు ఆటల మీద ప్రేమ లేదు, ఆటల రూల్సు మీద ప్రేమ. దేశం మొత్తానికీ పెద్దదైన ఒలింపిక్ సంఘం వాళ్ళ నిబంధనల పుస్తకం మద్రాసు నుంచి తెప్పించుకున్నాడు. అప్పటి నుంచి ఇంట్లో పంచాంగం మూలకు పోయింది. అన్నం ముందర కూర్చొని కూడా చదివేవాడు. "సంఘం ఉద్దేశాలు. ఒకటి, కులము మతము రాజకీయము చూడకుండా దేశ యువకులలో క్రీడాస్ఫూర్తిని పెంపొందించుట..." మా అత్త గరిటె పట్టుకొని నిలబడి, "ఉద్దేశాలు యాడికీ పోవు గానీ, చారు చల్లారిపోతా ఉండాది, తినండి" అనేది. ఆ పుస్తకం సారం ఏందంటే, దేశపు సంఘం కింద రాష్ట్ర సంఘాలు, రాష్ట్ర సంఘం కింద మాలాంటి జిల్లా సంఘాలు. రూల్సు ప్రకారం పోటీ పెట్టి, గెలిచినోణ్ణి మద్రాసులో జరిగే రాష్ట్రం పోటీలకు పంపితేనే మాకు గుర్తింపు. పంపలేకపోతే మా సంఘం గుమ్మానికి కొట్టిన బోర్డే.

అన్ని రూల్సులోకీ మామ మనసు దోచుకున్నది అమెచ్యూరు రూలు. ఆటను ఆటకోసమే ఆడేవాడు అమెచ్యూరు. ఆడినందుకు డబ్బో వస్తువో ప్రతిఫలంగా పుచ్చుకున్నవాడు వృత్తిగాడు, వాడికి పోటీల్లో ప్రవేశం లేదు. ఇది చదివినప్పుడల్లా మామ కళ్ళజోడు తీసి తుడుచుకునేవాడు. "ఎంత గొప్ప మాటరా! ఫలాపేక్ష లేకుండా పరిగెత్తేదంట! మన గీతలో ఉన్నట్టే ఉండాది సూడు" అనేవాడు. ఫలాపేక్ష లేకుండా ఆయన దగ్గర గుమాస్తాగిరీ చేస్తా ఉన్న నాకు ఆ రూలు కొత్తగా అనిపించలేదు.

పోటీ రోజు వచ్చింది. మైలు పరుగు. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ టముకు వేయించినాము. పొద్దున్నే మైదానానికి పోతే నా గుండె గుభేలుమన్నింది. వచ్చినవాళ్ళంతా పెళ్ళికి వచ్చినట్టు కొత్త పంచెలు, తలకు ఎర్ర తువ్వాళ్ళు, కొందరు భుజాన రెండేసి కండువాలు. ఎందుకో చెప్తాను. మా పక్క పల్లెల్లో ఏటా పశువుల పండగనాడు కోడెల కొమ్ములకు చెక్క పలకలు కట్టి, ఆ పలకలకు కొత్త బట్టలు చుట్టి, డప్పులు కొట్టి వీధిలోకి ఉరికిస్తారు. ఉరికే కోడెను తరిమి అందుకొని, పలక పీకినోడిదే ఆ బట్ట. మా జిల్లాలో గట్టిగా పరిగెత్తగలిగే మగోడెవడైనా వాడు కోడె వెనక పరిగెత్తి నేర్చుకున్నోడే. పరుగు పందెం అన్నారు గదా, మా గొప్ప తెలియాల గదా అని గెలుచుకున్న బట్టలన్నీ ఒంటి మీద వేసుకొని వచ్చినారు మహానుభావులు.

మామ కుర్చీలో కూర్చొని ఒక్కొక్కరినే పిలిచి, "ఇంతకు ముందు పరిగెత్తి ఏమైనా బహుమానం పుచ్చుకున్నావా అప్పా?" అని అడిగినాడు. వాళ్ళేమో ఉద్యోగానికి అర్హతలు అడుగుతా ఉండారనుకున్నారు! "నాలుగు పంచెలు సామీ!" అని ఒకడు. "వాడి మొకం, నావి ఆరు!" అని ఇంకొకడు. కోడెను చూస్తే గోడెక్కే రకం ఒకడున్నాడు, వాడు కూడా పక్కవాళ్ళ కంటే తగ్గకూడదని తొమ్మిది తువ్వాళ్ళన్నాడు. మామ ఒక్కొక్కరి పేరూ కొట్టేస్తా పోయినాడు. కడాకు మైదానంలో ఏ బహుమానమూ పుచ్చుకోని శుద్ధ అమెచ్యూరు ఒక్కడే మిగిలినాడు. అది నేను. మామ నా వైపు తలెత్తి చూసినాడు. నా కాళ్ళ వైపు చూసినాడు. నిట్టూర్చి తల దించుకున్నాడు.

సరే, వచ్చినందుకు పరిగెత్తండని, లెక్కలోకి రాని పరుగు ఒకటి పెట్టించినాము. దాంట్లో చంద్రగిరి పక్క పల్లెటూరి మనిషొకడు అందరినీ అంత దూరాన వదిలేసి వచ్చినాడు. ఊర్లో వాడిని పలకలోడంటారు, నా కంటే పెద్దోడు కాబట్టి నేను పలకలన్న అన్నాను. నిన్ను పంపేదానికి లేదన్నా, రూలు ఒప్పుకోదు అని చెప్తే, ఆ మనిషి తలకున్న తువ్వాలు ఇప్పి చేతుల్లో నలపతా నిలబడినాడు. "సెక్రెట్రప్పా, ఇన్నేండ్లూ కోడెల ఎనకాలే పరిగెత్తినా. ఎప్పుడు సూడు, నా ముందర ఒక తోక. ఒక్కసారన్నా మనుసుల్తో పరిగెత్తి, అందరికీ ముందర పోతే ఎట్లుంటాదో సూడాలని ఉండాదప్పా. ఒక్కసారి సాలు" అన్నాడు. మామ కూడా విన్నాడు. రూల్సు మనిషే గానీ రాతి మనిషి కాదు.

వారం రోజులు పుస్తకాలన్నీ తిరగేసి మామ దారి కనిపెట్టినాడు. తెలియక పుచ్చుకున్న బహుమానాన్ని ఎవరి దగ్గర పుచ్చుకున్నాడో వాళ్ళకే తిరిగి ఇచ్చేస్తే, కమిటీ క్షమించొచ్చునని (కమిటీ అంటే మామా, నేనూ, మధ్యలో కాఫీ తెచ్చే మా అత్తా). మరి పలకలన్న పాత పంచెలన్నీ వాళ్ళమ్మ ఎప్పుడో బొంతలు కుట్టేసింది గదా అంటే, "అవన్నీ కాలదోషం పట్టినాయిరా, కోర్టులో నిలవవు. తలకున్న తువ్వాలు ఒక్కటి ఇచ్చేస్తే సాలు" అన్నాడు. కోర్టు బుద్ధి ఒక్కోసారి ఎంత దయగా ఉంటుందో!

ఆ తువ్వాలు ఇచ్చిన కోడె ఒక రెడ్డిది. సంఘం తరఫున సాక్షిగా నేను, పాత నల్ల కోటు తగిలించుకొని, పలకలన్నతో పాటు ఆయన ఇంటికి పోయినాను. విషయం చెప్తే రెడ్డికి కోపం ముక్కు మీదికి వచ్చింది. "ఏందబ్బా, ఎగతాళా? గెలిచినోడు యెనక్కి ఇచ్చేదేంది? నా కోడె మొకాన ముష్టి ఏస్తా ఉండారా?" అని లేచినాడు. రూలు, ఒలింపిక్కు, దేశం పరువు, అన్నీ చెప్పి కాళ్ళావేళ్ళా పడితే, "నేనిచ్చినానా? ఇచ్చింది కోడె. దాని కొమ్ముకే కట్టిపోండి" అని దొడ్డి వైపు చేయి చూపించినాడు.

పలకలన్న కోడె దగ్గరికి పోయి, నోటితో చిత్రంగా బుజ్జగించి, కొమ్ముకు తువ్వాలు చక్కగా కట్టేసినాడు. అది కదలకుండా కట్టించుకున్నింది. అంతా అయిపోయింది, బయల్దేరొచ్చు. కానీ సాక్షినాయె, దగ్గరికి పోయి ముడి సరిగా పడిందో లేదో చూడాలని నాకెందుకు పుట్టిందో! కొమ్ముకు తువ్వాలు కట్టినారంటే పండగనుకున్నిందో, నా నల్ల కోటు నచ్చలేదో, కోడె ఒక్క గుంజు గుంజి తాడు తెంపుకున్నింది. ఆ పొద్దు నేను పరిగెత్తిన పరుగును ఎవరైనా గడియారం పట్టి చూసుంటే మద్రాసుకు నన్నే పంపి ఉండేవాళ్ళు. చెరుకు తోట కాలవలో పడి చీలమండ విరగ్గొట్టుకున్నాను. పలకలన్న వచ్చి కోడెను మళ్ళించి, నన్ను భుజాన వేసుకొని బండెక్కించి, విరిగిన ఎముకలకు కట్టు కట్టే పుత్తూరుకు తీసకపోయినాడు. కట్టు కట్టే ఆయన కథంతా విని, నవ్వు ఆపుకోలేక వంకరగా కట్టి, ఇప్పి మళ్ళీ కట్టినాడు.

తువ్వాలు పోయింది, పాపం పోయింది. అయినా మామకు నమ్మకం చాలలేదు. మద్రాసులో ఎవడైనా చెయ్యి చాపి ఏదైనా ఇస్తే ఈ అమాయకుడు తీసుకుంటాడేమోనని భయం. పలకలన్నను ఉత్తరం దిక్కుగా తిరుమల కొండ వైపు నిలబెట్టి, కర్పూరం వెలిగించి, ఏడుకొండలసామి మీద ఆన పెట్టించినాడు. "పరిగెత్తినందుకు ఇంక ఈ జన్మలో ఎవరేమిచ్చినా చేత్తో ముట్టను." ఆ మాట మామే రాసిచ్చినాడు, వకీలు భాషలో, ఒక్క సందు కూడా లేకుండా. మా పక్క ఆ సామి మీద ఆన పెట్టినాక తప్పినోడు లేడు. పలకలన్న కర్పూరం కండ్లకద్దుకున్నాడు. మా అత్త మాత్రం, "పాపం, నోరెండితే చెంబుడు నీళ్ళన్నా తీసుకోవచ్చునా?" అనింది.

కాట్పాడిలో రైలు మారి, కట్టు కాలితో నేనూ, కాళ్ళకు చెప్పుల్లేకుండా ఆయనా మద్రాసు చేరినాము. మైదానం చూసి ఇద్దరమూ నోళ్ళు తెరిచినాము. తెల్ల గీతలు, తుపాకీ, కాలేజీ పిల్లకాయలు, బూట్లు. తుపాకీ పేలగానే పరుగు మొదలయింది. మా వాడు చల్లగా పోయి మొదటివాడి వెనకాల చేరినాడు. అంతే, ఆడే ఉండిపోయినాడు! ఒక చుట్టు, రెండు చుట్లు, వాడి వెనకాలే. ముందరివాడు ఎటు పోతే అటు, వాడు తగ్గితే తగ్గతా, పెంచితే పెంచతా. అప్పుడర్థమయింది నాకు. పుట్టినప్పటి నుంచి వెనకాల పరిగెత్తేదే తెలిసిన మనిషి, ముందర పోవాలని మనసుకున్నా కాళ్ళకు ఆ అలవాటు లేదు! నేను కట్టు కాలు మరిచిపోయి బెంచీ ఎక్కి, "అన్నా! పలక! పలక పట్టన్నా!" అని గొంతు చించుకున్నాను. చుట్టూ అరవ పెద్దమనుషులు నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూసినారు. పలకలన్నకు మాత్రం వినబడింది. ఒక్క ఊపున ఉరికినాడు. ముందరివాడి పక్కకు రాగానే చెయ్యి దానంతటదే వాడి నెత్తి మీదికి లేచింది (నా ప్రాణం పోయింది), ఏదో గుర్తొచ్చి దించుకున్నాడు, దాటినాడు. ఆ తర్వాత ఆయన్ను అందుకున్నోడు లేడు.

గెలిచినాడప్పా మా పలకలన్న! నేను ఏడస్తా ఉంటే పక్కనున్న పెద్దమనిషి చేతి రుమాలు ఇచ్చినాడు. అంతలో వేదిక మీదికి పిలిచినారు. పట్టుచీర కట్టుకున్న ఒక పెద్దింటామె తళతళలాడే వెండి కప్పు చాపింది. పలకలన్న దాని వైపు చూసినాడు. చేతులు గబుక్కున వెనక్కి కట్టుకున్నాడు. "వద్దు తల్లీ" అన్నాడు. ఆమె ఇంకా ముందుకు చాపింది. ఆయన ఒకడుగు వెనక్కి. ఆమె మళ్ళీ చాపింది. ఆయన వేదిక మీద నుంచి దూకి పరుగు లంకించుకున్నాడు. ఇద్దరు వలంటీర్లు వెంటబడినారు గానీ, మైలు పరుగులో గెలిచినోణ్ణి పట్టేదెవరు! కంచె దాటి వీధిలోకి మాయమైపోయినాడు. గౌరవంగా ఇచ్చే కప్పూ పతకమూ అమెచ్యూరు పుచ్చుకోవచ్చునని రూల్సులోనే ఉండాది. మా మామకు అది కంఠతా వచ్చు. ఆన రాసేటప్పుడు ఆ ఒక్క మినహాయింపు రాయడం మరిచిపోయినాడు. కడాకు కుంటుకుంటా పోయి సంఘం తరఫున నేనే ఆ కప్పు తీసుకున్నాను. జనం నేనే గెలిచినానని చప్పట్లు కొట్టినారు, పుత్తూరు కట్టు చూసి ఇంకా గట్టిగా కొట్టినారు.

స్టేషన్లో ఒక బెంచీ మీద సద్దిమూట ఒళ్ళో పెట్టుకొని కూర్చొని ఉన్నాడాయన. "ఏమన్నా, కప్పు మీద ఆశ లేదా?" అన్నాను. "ఆశ లేకేమప్పా, ఎట్ల మెరస్తా ఉండాదో సూడు. కానీ సామి మీద ఆన గదా" అన్నాడు. సద్దిమూట ముడి ఇప్పతా, "కడా సుట్టులో నా ముందర తోక లేదు, మనిసి లేడు, ఏమీ లేదప్పా. అంతా ఖాళీ. అబ్బా, ఎంత బాగున్నిందో!" అన్నాడు. రైలు వచ్చేదాకా ఆ ఖాళీ గురించే చెప్తా ఉండినాడు.

మా సంఘానికి గుర్తింపు వచ్చింది. మామ కథంతా విని ఒక పూట అన్నం తినలేదు. ఆన వెనక్కి తీసుకునే రూలు ఏ పుస్తకంలోనూ దొరకలేదాయనకు. పలకలన్న ఆ తర్వాత కూడా పశువుల పండగలో ఉరికేవాడు. కోడెను అందుకొని, కొమ్ము మీద ఒక్క చరుపు చరిచి, పలక ముట్టకుండా వదిలేసేవాడు. ఆ చరుపు చూసేదానికే పక్కూర్ల నుంచి జనం వచ్చేవాళ్ళని విన్నాను.

మామ పోయినాక కప్పు మా ఇంటికి చేరింది. ఈ మధ్య ఒక ఎండాకాలం పైటేల పలకలన్న మనవడి బండెక్కి మా ఇంటికొచ్చినాడు. ఇద్దరికీ పళ్ళు లేవు. ఇప్పుడు ఆ అమెచ్యూరు రూలే ఎత్తేసినారంట, పరిగెత్తేవాళ్ళకు కార్లు కూడా ఇస్తా ఉండారంటన్నా అని చెప్తే, "ఇయ్యనీలే, మంచిదే గదా" అన్నాడు. నాకేం బుద్ధి పుట్టిందో, కప్పు బాగా తోమి, దాని నిండా మజ్జిగ పోసి తెచ్చి ముందర పెట్టినాను. ముసలాయన చేతులు వెనక్కి కట్టుకొని దాన్నే చూస్తా శానా సేపు కూర్చున్నాడు. నేను అనవసరంగా తెచ్చినానే అనుకుంటా ఉంటే, తలెత్తి నవ్వినాడు. "సెక్రెట్రప్పా, చేత్తో ముట్టనని గదా ఆన పెట్టింది? తాగనని పెట్టలేదే! నువ్వు ఎత్తి పొయ్యి" అని నోరు తెరిచినాడు. యాభై ఏండ్లు వకీలు గుమాస్తాగా బతికిన నాకు ఆ సందు తట్టలేదు చూడండి! రెండు చేతులా కప్పెత్తి పోసినాను. వెడల్పు అంచు కప్పాయె, సగం మజ్జిగ ఆయన చొక్కా మీదే పోయింది, మిగతా సగం మాత్రం ఆయన ఒక్క చుక్క వదలకుండా తాగినాడు.