ఆగస్టులో ఆకుపచ్చ ఆకాశం

బర్ దుబాయ్‌లో నేను పనిచేసిన బట్టల కొట్టుకు ముదీర్, అంటే యజమాని, ఒక అరబ్బు పెద్దమనిషి. ఆయన ఊళ్లో ఉంటే కొట్టు తెరిచి ఉండాలి, ఊరెళితే మూసెయ్యాలి. మాకు సెలవులిచ్చేది అప్పుడే, ఆయన బీరువాలోంచి మా పాస్‌పోర్టులు బయటికొచ్చేదీ అప్పుడే. అక్కడ నెల్లూరులో మావాళ్లు నాకు శ్రావణమాసంలో ముహూర్తం పెట్టేశారు. అంచేత నా పెళ్లి ఆయన ప్రయాణం మీద ఆధారపడింది.

ఆ ఏడు ఆయనకు లండన్ అంటే మొహం మొత్తింది. ఏదో పత్రికలో, రాత్రి ఆకాశంలో ఆకుపచ్చటి వెలుగులు తెరల్లా వేలాడుతున్న బొమ్మ చూశాడు. అది చూసి తీరాలన్నాడు. ఆ వెలుగులు కనపడే మూడు దేశాల రంగురంగుల కాగితాలు తెప్పించి, ఇంగ్లీషు వచ్చినవాణ్ణని నా ముందు పడేశాడు. మంచును ఫ్రిజ్‌లో తప్ప ఎరగని నేను ఉత్తరధ్రువానికి సలహాదారునయ్యాను.

ఐస్‌లాండ్ బొమ్మల్లో చెట్టన్నది లేదు. "రాళ్లూ ఇసుకా చూడ్డానికి విమానమెందుకు? కారెక్కితే చాలదూ," అన్నాడు ముదీర్ హిందీలో. ఫిన్లాండ్‌లో జనం జింకలు లాగే బండ్ల మీద పోతున్నారు. "మా నాన్న జన్మంతా ఒంటె మీద తిరిగి నాకు కారు కొనిచ్చాడు. నేను మళ్లీ జంతువు వెనక కూచోవాలా? ఖలాస్." నార్వేలో సముద్రం, పడవలు, చేపలు ఉన్నాయి. చేపలంటే ఆయనకు ప్రాణం. నార్వే ఖాయమైంది.

ఎప్పుడన్న ప్రశ్నే రాలేదు. ఆగస్టులో దుబాయ్ మాడిపోతుంది కాబట్టి డబ్బున్నవాళ్లంతా ఆగస్టులోనే వెళతారు. చల్లటి డిసెంబరులో ఇల్లు వదిలి పోయేవాణ్ణి అక్కడ పిచ్చివాడంటారు. శ్రావణం కూడా ఆగస్టులోనే పడింది. నా అదృష్టానికి నేనే మురిసిపోయాను.

"నీ పెండ్లికి ముదీరే ఆకాశంలో లైట్లు ఏపిస్తాండాడు కదప్పా," అన్నాడు కడప నుంచి వచ్చిన మా డ్రైవరు.

పాస్‌పోర్టు చేతికొచ్చింది, పెళ్లీ జరిగింది. పెళ్లి పందిరి ఇంకా విప్పకముందే నార్వే నుంచి టెలిగ్రాం వచ్చింది: "ఇక్కడ చీకటే పడటం లేదు. తిరిగొస్తున్నాను. వెంటనే రా."

రెండేళ్లు ఎదురుచూసిన సెలవు అది. మామగారికి ఏదో సర్దిచెప్పాను. భార్యకు మాత్రం నిజం చెప్పాలనిపించింది. నార్వే అనే దేశముందని, ఎండాకాలం అక్కడ రాత్రయినా చీకటి పడదని, పడకపోతే ఆ వెలుగులు కనపడవని, కనపడలేదు గనక నేను రేపే బయల్దేరాలని వివరంగా చెప్పాను. మా ఇద్దరి మధ్య అదే మొదటి పెద్ద సంభాషణ.

ఆమె అంతా విని, టెలిగ్రాం మడతపెట్టి నా చేతికిచ్చింది.

"చీకటి పడని ఊళ్లు ఎక్కడన్నా ఉంటాయా?" అంది. "నేను నచ్చకపోతే ఆ మాటే చెప్పండి."