ఇంజన్ మీద పది రూపాయల బిళ్ళ

అమ్మ మోకాలి ఆపరేషన్‌కు దాచిన లక్షా నలభై వేలు కొత్త బ్యాటరీకి పోయాయి. ఆగిన కారును లారీ మీద తెప్పించడానికి మరో ఏడు వేలు.

మా బంధువుల్లో ఎవరు పాత కారు కొన్నా మా అక్క భర్తే చూడాలి. నడుస్తున్న ఇంజన్ మీద బిళ్ళ నిలబెడతాడు. అది పడకపోతే కొనమంటాడు. కమీషన్ ముట్టడు.

అమ్మను మైదుకూరు నుంచి కర్నూలు ఆసుపత్రికి తక్కువ ఖర్చుతో తిప్పాలని ఓర్వకల్లులో పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే ఒక చిన్న పాత హైబ్రిడ్ కారు చూశాం.

“రెండు వేలిస్తే షోరూమ్‌లో బ్యాటరీ పరీక్ష చేస్తారంట బావా,” అన్నాను.

“రెండు వేలు దండగప్పా! పది రూపాయల బిళ్ళ ఈయ్.”

బిళ్ళ నిలబడింది. నిమిషం దాటినా వణకలేదు.

“చూడు బామ్మర్దీ, గుళ్లో దేవుని మాదిరి ఎట్ల నిలబడి ఉండాదో!”

కారు కొని ఇంటికి తెస్తుంటే ఆళ్లగడ్డ దాటాక బండి ఆగిపోయింది. బ్యాటరీ పోయిందన్నాడు అక్కడి మెకానిక్. ఇలాంటి కార్లలో బండి నిలిపి ఉంచితే ఇంజన్ దానంతటదే ఆగుతుందట. మేం బిళ్ళ నిలబెట్టింది ఆగిన ఇంజన్ మీద.

“ఇంజన్‌కు ఏమన్నా అయిందా? నేను చూసింది ఇంజన్నే కదప్పా,” అన్నాడు బావ.

రూపాయి తీసుకోని మనిషితో ఏమని పోట్లాడను? అమ్మ ఇంకా గోడ పట్టుకునే నడుస్తోంది. ఆ బిళ్ళను బావ ఆ రోజే జేబులో వేసుకున్నాడు. ఎన్నిసార్లు లెక్క వేసినా ఆయన నాకు బాకీ ఉన్నది ఆ పది రూపాయలే.