ఫ్రిజ్‌లో మిగిలిన సగం సిరంజి

ఆదివారం పొద్దున కాఫీ కోసం పాలగిన్నె తీద్దామని ఫ్రిజ్ తెరిస్తే, నిన్నటి చేపల పులుసు పక్కన ఒక సిరంజి పడుకుని ఉంది. సగం దాకా గాజులా మెరిసే జిగురు. సూదికి మూత. ఆ మూత మీద పులుసు నూనె. మా విడవలూరులో పులుసును రెండో రోజే అసలు పులుసుగా లెక్కేస్తారు కాబట్టి, మా ఫ్రిజ్‌లో ఆ గిన్నెది సింహాసనం. దాన్ని ఆనుకుని ఆ సూది మంత్రిలా కూర్చుని ఉంది. పాలగిన్నె వదిలేసి దాని వైపు చెయ్యి చాచాను.

"ఇది ఎవురిది?" అన్నాను.

"నాదే. మూత తీయబాకండి," అంది నా భార్య, మునగాకు దూస్తూ.

"నీకు సుగరు ఎప్పుడొచ్చింది?"

"సుగరు గాదు, ఫిల్లరు. కణతల గుంటలు పూడ్చే మందు. సగం మా అక్క నిన్న వేయించుకునింది. సగం నాది. నిన్న అమావాస్య గదా, నేను రేపు వేయించుకుంటా."

ఇది అర్థం కావాలంటే మా ఊరి చేప సంగతి చెప్పాలి. ఇక్కడ పెద్ద వంజరం చేపను ఒక్క ఇల్లు కొనదు. అక్కాచెల్లెళ్లు కలిసి కొని, ఈ వారం తల ఒకరికి, వచ్చే వారం ఇంకొకరికి అని వాటా వేసుకుంటారు. నా భార్య, పక్క వీధిలో ఉండే వాళ్లక్క, అదే మా వదిన, ఇరవై ఏళ్లుగా అలాగే చేస్తున్నారు. ఆ అలవాటునే సిరంజికీ పట్టించారు. ఒకటి కొంటే ఇద్దరికీ సరిపోతుందని బ్యూటీపార్లర్ ఆమె చెప్పిందట, మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టుకోమందట. ఒకరి తలలో దిగిన సూది, ఇంకొకరి తల కోసం, చేప తోక పక్కన కాచుకుని ఉంది.

అసలు ఆ గుంటలు ఎవరికి కనిపించాయి? ఎవరికీ కనిపించలేదు, నేను చూపించేదాకా. రెండు నెలల కిందట ఒక గృహప్రవేశంలో, పంక్తిలో కూర్చున్న నలభై మంది ముందు, ఈ అక్కాచెల్లెళ్ల కణతల్లో కలిపి సోలెడు వడ్లు పోయొచ్చని, వాన కురిస్తే కాకులొచ్చి నీళ్లు తాగుతాయని అన్నాను. అందరూ నవ్వారు. వాళ్లిద్దరూ నవ్వారు. వడ్డించేవాడు సాంబారు బకెట్ కింద పెట్టి మరీ నవ్వాడు. దాంతో నేను పెన్నా ఒడ్డున పుట్టిన హాస్య చక్రవర్తినని నాకు నేనే పట్టాభిషేకం చేసుకున్నాను.

సిరంజిని తీసి, చేప ముళ్లున్న చెత్త బకెట్‌లో విసిరేశాను. నా భార్య తిట్ల దండకం మొదలుపెట్టబోతుంటే ఫోను మోగింది. వదిన.

"మరిదీ, కణత నొప్పి తగ్గడం ల్యా. బామ్ పూసి రుద్దినా, నీలగిరి తైలం రుద్దినా, ఇంకా ఎక్కువైపోయింది."

ఇద్దరం పరుగెత్తాం. ఎడమ కణత మీద రూపాయి బిళ్లంత మేర తెల్లగా పాలిపోయి, దాని చుట్టూ ఊదా రంగులో వల పరిచినట్టు గీతలు. చింపిన వలలా ఉంది. పైన బామ్ జిడ్డు. కణత నొస్తే బామ్ రుద్దడం తప్ప ఇంకో వైద్యం మా వంశాల్లో లేదు. పార్లర్ ఆమె కూడా రాత్రి ఫోనులో, "అట్టానే ఉంటది అక్కా, బాగా రుద్దు," అందట.

నెల్లూరులో నా తామరకు మందిచ్చిన చర్మం డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఆమె నా మాట సగంలోనే ఆపింది. "రుద్దడం ఆపమనండి. చూపు మసకగా ఉందా అడగండి. వెంటనే రండి. వేసిన మందు పేరు ఏదన్నా ఉంటే తీసుకురండి."

డబ్బా పార్లర్‌లోనే ఉండిపోయింది. ఆ షాపు ఆదివారం తీయదు, ఆమె ఫోను ఎత్తదు. పేరు ఉన్నది ఒక్క సిరంజి మీదే. నేను మళ్లీ ఇంటికొచ్చి చెత్త బకెట్‌లో మోచేతి దాకా చెయ్యి పెట్టాను. ముళ్లు, పొలుసులు, కాఫీ పిప్పి, మునగ కాడలు, వాటి మధ్య ఒక జారుడు వస్తువు. అది చేప కన్ను. దాని కింద సిరంజి. ఆ చెయ్యిని ఆ రోజు ఏడు సార్లు కడిగాను, ఇప్పటికీ అది నాది కాదేమోననిపిస్తుంది.

నెల్లూరు దారిలో, కారులో వదిన వివరాలు చెప్పుకుంటూ వచ్చింది. పార్లర్ ఆమె కనుబొమలు తీసే దారాన్ని పళ్లతో పట్టుకునే అలవాటు కొద్దీ, సూది మూతను కూడా పళ్లతోనే తీసి, పని అయ్యేదాకా నోట్లోనే పెట్టుకుందట. మళ్లీ అదే మూత పెట్టిందట.

"ఆ మూతనా మనం పులుసు పక్కన పెట్టింది?" అంది నా భార్య, మెల్లగా.

నేను కారు అద్దం దించాను.

డాక్టరమ్మ వదిన కుడి కన్ను మూయించి, ఎడమ కంటి ముందు వేళ్లు పెట్టింది. "ఎన్ని?"

వదిన కన్ను చిట్లించింది. ఆ రెండు క్షణాల్లో నేను అన్న సోలెడు వడ్లూ గింజ గింజా లెక్కపెట్టుకున్నాను.

"మూడు," అంది వదిన. "మీ బొటనవేలి గోరు కింద సిరా మరక గూడా ఉండాది."

డాక్టరమ్మ సిరంజి మీద అక్షరాలు తుడిచి చదివి, ఇది కరిగించే వీలున్న రకమేనని, కరగని రకాలూ ఉంటాయని చెప్పింది. కణతలో రక్తనాళాలు కంటి దాకా కలిసి ఉంటాయట. జెల్లీ నాళంలోకి పోతే చర్మం చచ్చిపోవచ్చు, కంటి వైపు పోతే చూపే పోవచ్చు. పోయిన చూపు తిరిగి రావడం చాలా కష్టమట. "చదువుకున్న డాక్టరు చేసినా ఈ ప్రమాదం ఉంటుంది. కాకపోతే వాళ్ల చేతి దగ్గర కరిగించే మందు ఉంటుంది, చర్మం తెల్లబడగానే ఆగుతారు."

తర్వాత సిరంజి ఎత్తి, "ఈ మిగిలింది ఎందుకు దాచారు?" అంది.

నా భార్య బడిపిల్లలా చెయ్యెత్తింది. "నాకోసం మేడమ్."

"ఇది ఇంకొకరి రక్తం తగిలిన సూదమ్మా."

"మా అక్కే గదా మేడమ్," అంది నా భార్య. అని, తనే సిగ్గుపడి తల దించుకుంది.

కరిగించే ఇంజెక్షన్లు ఆ పూట, మళ్లీ సాయంత్రం వేశారు. మరుసటి రోజు ఊదా రంగు తగ్గింది. గుంటలు మళ్లీ వచ్చాయి. జుట్టు అంచున చింతగింజంత నల్లమచ్చ మాత్రం ఉండిపోయింది. పార్లర్ ఆమెను అడగడానికి వెళితే, "అందరికీ బాగానే వచ్చిందన్నా, మీ వదిన చర్మమే తేడా," అంది, నోట్లో దారంతో. ఎదురు కుర్చీలో ఇంకొకామె కణతలు అప్పగించి కూర్చుని ఉంది. ఆమెకు విషయం చెప్పాను. నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

ఇంట్లో ఆ పులుసు ఎవరూ ముట్టలేదు. మా ఇంట్లో రెండో రోజు పులుసు పారబోయడం అదే మొదటిసారి. గిన్నెను కూడా పారేయమన్నాను.

తర్వాతి ఆదివారం చేప పంచుకునేటప్పుడు వదిన కత్తిపీట ముందు కూర్చుని, నా వైపు చూడకుండానే అడిగింది. "ఏం మరిదీ, ఇప్పుడు ఎన్ని సోలలు పడతాయంటావు?"

నాలుక చివర జవాబు సిద్ధంగా ఉంది, మంచిదే. మింగేశాను. ఆ వారం చేప తల వంతు మాది. దాన్ని ఎత్తి ఆమె గిన్నెలో పెట్టాను.